ఆకుపచ్చ జీనువాయి కోసం మౌంట్ అబూ: ఎక్కడ దిగాలి, ఎలా గుర్తుపట్టాలి

మౌంట్ అబూ వెళ్లే తెలుగువాళ్లు చాలామంది బ్రహ్మకుమారీల ఆశ్రమం, దిల్వాడా గుళ్లు, నక్కీ సరస్సు చూసుకుని కొండ దిగిపోతారు. గురు శిఖర్ దారిలో ఓరియా, అచల్‌గఢ్ చేల దగ్గర ఆగితే ఆకుపచ్చ జీనువాయి (గ్రీన్ మునియా) కనిపిస్తుంది. అంతరించే ముప్పున్న పిట్టగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాకెక్కింది.

పిట్ట కోసమే వెళ్తే నక్కీ దగ్గర దిగొద్దు. వారాంతాల్లో గుజరాత్ నుంచి వచ్చే జనంతో గది ధరలు పెరుగుతాయి, పొద్దుపోయేదాకా గోల. గురు శిఖర్ అక్కణ్నుంచి 15 కి.మీ. ఓరియా వైపు చిన్న బసలో హంగులు తక్కువైనా, తెల్లారేసరికి చేలల్లో ఉంటారు. వేణ్ణీళ్ల సంగతి ముందే అడగండి. జనవరి ఉదయాలు గడ్డకట్టే చలి. అబూ రోడ్ స్టేషన్ నుంచి కొండమీది ఊరు 28 కి.మీ. బస్సులు, ట్యాక్సీలు ఉన్నాయి. తెల్లవారుజాము బండి మాత్రం ముందురోజే మాట్లాడుకోవాలి.

గడ్డి గింజకట్టిన గట్లు, లాంటానా పొదలు, బావుల చుట్టూ తడి నేల చూడండి. పిట్ట 10 సెంటీమీటర్లే. వీపు ఆకుపచ్చ, పొట్ట పసుపు, ముక్కు ఎరుపు. ముక్కు ఒక్కటే చూసి తేల్చేస్తే పొరపాటు పడతారు: ఎర్ర జీనువాయి ఆడదానికీ ఎర్రముక్కే. డొక్కలు చూడాలి. రెక్క కింద నలుపు తెలుపు అడ్డచారలుంటే ఇదే. ఎర్రదానికి ఆ చారలుండవు, రెక్కల మీద తెల్ల చుక్కలుంటాయి. పిల్లలకు చారలుండవు, ముక్కు నల్లగా ఉంటుంది. వాటితో తిరిగే పెద్దవాటిని చూసి పోల్చుకోవాలి.

గైడ్‌ని మాట్లాడేటప్పుడే రికార్డు కూత వినిపించొద్దనీ, గూటి దగ్గరికి తీసుకెళ్లొద్దనీ చెప్పండి. పొదలు కదిపి పిట్టల్ని లేపేవాళ్లకు డబ్బివ్వడం అనవసరం. గట్టున కూర్చుంటే గుంపు తనే మేతకు దిగుతుంది.

దీనికి పెద్ద శత్రువు పంజరం. దేశవాళీ పక్షుల్ని పట్టడం, అమ్మడం నేరమైనా వ్యాపారం ఆగలేదు. మామూలు జీనువాయిలకు రంగేసీ అమ్ముతారు. ముక్కు బూడిదరంగులో ఉండి, డొక్కల్లో చారలు లేకపోతే అది రంగే. జాలిపడి కొని వదిలేసినా, వేటగాడు మళ్లీ వల వేయడానికి డబ్బిచ్చినట్టే. చోటు, సమయం రాసుకుని అటవీశాఖకు చెప్పండి.