చూళైలో పాత సైకిళ్ళు ఓవర్‌హాలింగ్ చేసే కొట్టు: నా రివ్యూ

చెన్నైలో పాత సైకిల్ దొరికింది, ఎవరికిస్తే పాడు చేయకుండా బాగు చేస్తారు అని అడిగేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. నేను చెప్పేది చూళై వైపు ఒక సందులో ఉన్న రిపేర్ కొట్టు గురించి. దానికి బోర్డు లేదు, పేరు లేదు, మ్యాప్‌లో వెతికినా రాదు. గోడకి మేకులు కొట్టి పాత రిమ్ములు వేలాడదీసి ఉంటాయి, కింద గాలి కంప్రెసరు, పంచర్ చూసే నీళ్ళ తొట్టి, లోపల ఒక బల్ల, అంతే. మేస్త్రీ డెబ్బై దాటిన పెద్దాయన, సొంతూరు పుత్తూరు పక్కన, మనతో తెలుగే మాట్లాడతాడు. ఈయన దగ్గర ఇచ్చిన సైకిల్ తళతళా మెరుస్తూ బయటికి రాదు, ఆ మాట ముందే చెప్తున్నా. గీతలు, మచ్చలు అన్నీ అలాగే ఉంటాయి, కానీ తొక్కితే మాత్రం చప్పుడు లేకుండా జారిపోతుంది. నా దృష్టిలో పాత సైకిల్‌కి చేయాల్సిన న్యాయం అదే, అందుకే ఈ కొట్టుకి 5కి 4 ఇస్తున్నా.

నా సైకిల్ రాలే అనే కంపెనీది, ఇంగ్లాండ్‌లోని నాటింగ్‌హామ్‌లో తయారైంది, 28 అంగుళాల చక్రాలు, కేబుల్ బదులు కడ్డీలతో పనిచేసే రాడ్ బ్రేకులు, వెనక చక్రంలో స్టర్మీ ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల హబ్బు, అంటే గేర్లన్నీ చక్రం మధ్య డబ్బాలోనే ఉంటాయి. విల్లివాక్కంలో ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) నుంచి రిటైరైన ఒకాయన ఇంట్లో మెట్ల కింద ఏళ్ళ తరబడి పడి ఉందట, ఆయన పోయాక పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తున్నారని మా పిన్ని చెప్తే వెళ్ళి తీసుకున్నా. హబ్బు మీద దుమ్ము తుడిస్తే ఏడబ్ల్యూ అని (అది హబ్బు మోడల్ పేరు), దాని పక్కన 57, 9 అని కొట్టి ఉంది. అంటే ఆ హబ్బు 1957 సెప్టెంబర్‌లో తయారైందని అర్థం, స్టర్మీ ఆర్చర్ వాళ్ళు సంవత్సరం, నెల ఇలా హబ్బు మీదే కొట్టేవాళ్ళు. చక్రం మధ్యలో ఎప్పుడైనా మారి ఉండొచ్చు కాబట్టి ఇది సైకిల్ పుట్టిన తేదీ అని గ్యారంటీగా చెప్పలేం గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలుస్తుంది.

కొట్టుకి తీసుకెళ్ళగానే మేస్త్రీ చేసిన మొదటి పని చూసే నాకు నమ్మకం కుదిరింది. స్పానర్ పట్టుకోలేదు, రేటు చెప్పలేదు. వెనక చక్రం ఊడదీయించి, ఒక దారం తీసుకుని చక్రం కూర్చునే ఎడమ చీలికకి కట్టి, ముందుకి లాగి హ్యాండిల్ కూర్చునే హెడ్ గొట్టం చుట్టూ తిప్పి, మళ్ళీ వెనక్కి కుడి చీలికకి కట్టాడు. అప్పుడు సీటు కింద గొట్టానికి రెండు పక్కలా దారానికి ఎంత సందు ఉందో స్కేలు పెట్టి చూశాడు. రెండు పక్కలా సమానంగా ఉంటే ఫ్రేమ్ నిటారుగా ఉన్నట్టు. "ఇది వంకరగా ఉంటే మిగతా పనంతా దండగ నాయనా, ముందు ఇదే చూడాల" అన్నాడు. తర్వాత హెడ్ దగ్గర కింది గొట్టం అడుగున వేలితో తడిమి చూశాడు, అక్కడ ఉబ్బినట్టు గానీ పెయింట్ ముడతలు పడినట్టు గానీ ఉంటే ఆ సైకిల్ ఎప్పుడో ముందు నుంచి గట్టిగా గుద్దుకున్నట్టే. ఎవరైనా పాత సైకిల్ కొనబోయే ముందు ఈ రెండూ చూసుకోండి, జేబులో దారం ఉంటే చాలు, తుప్పు గురించి తర్వాత ఆలోచించొచ్చు.

అసలు విషయం హబ్బు. ఇది విప్పగలిగిన వాళ్ళు ఊళ్ళో చాలా తక్కువ. చాలామంది "గేర్ పోయింది సార్, మామూలు హబ్బు వేసి ఫ్రీవీల్ పెట్టేస్తా" అంటారు, అలా వేయించుకుంటే ఆ సైకిల్‌లో సగం ప్రాణం పోయినట్టే. నా హబ్బులో పాత నూనె ఎండి జిగురైపోయి, లోపల పాల్స్, అంటే గేర్ పళ్ళని పట్టుకునే చిన్న కొక్కేలు, అతుక్కుపోయాయి, పెడల్ తొక్కితే ఒక్కోసారి పట్టేది, ఒక్కోసారి ఊరికే తిరిగేది. మేస్త్రీ కుడి వైపు హబ్బుని మూసే బాల్ రింగ్ తీసే ముందు, రింగ్ మీద ఒక గంటు, హబ్బు మీద దానికి ఎదురుగా ఇంకో గంటు పెట్టుకున్నాడు. ఎందుకు అని అడిగితే, ఆ రింగ్‌కి మర రెండు చోట్ల మొదలవుతుందట, తిరిగి బిగించేటప్పుడు తప్పు చోట ఎక్కిస్తే చక్రం బెండ్ మళ్ళీ మొత్తం తీయాల్సి వస్తుందట. నిజమే, స్టర్మీ ఆర్చర్ పాత సర్వీస్ కాగితాల్లో కూడా ఇదే ఉంటుంది, ఈయన అవి చదివిన మనిషి కాదు, చేతితో నేర్చుకున్నాడు.

స్టీలు పళ్ళెంలో కిరోసిన్ పోసి లోపలివన్నీ ఒక్కొక్కటే అందులో పెట్టాడు, నాలుగు పినియన్లు (చిన్న పళ్ళ చక్రాలు), పాల్స్, వాటి వెనక వెంట్రుక అంత సన్నటి స్ప్రింగులు. స్ప్రింగుల్ని మాత్రం వేరేగా ఒక సీసా మూతలో దాచాడు, అవి ఎగిరిపోతే దొరకవు. ఒక పినియన్ పిన్ను ఎత్తి వెలుతురుకి పట్టి అరుగుదల ఉందా అని తిప్పి తిప్పి చూశాడు, లేదు. గేర్లు ఒక్కటి కూడా మార్చాల్సిన పని పడలేదు, అరవై ఏళ్ళు దాటిన యంత్రం అది! బాల్స్ మాత్రం అన్నీ కొత్తవి వేశాడు, పాతవి గుంటలు పడ్డాయి. లోపల గేర్లకి గ్రీజు అస్సలు పెట్టనివ్వడు, గ్రీజు పెడితే పాల్స్ మళ్ళీ అంటుకుపోతాయి కాబట్టి. హబ్బు మీద చిన్న మూత ఉంటుంది చూడండి, అందులోంచి పల్చటి ఇంజిన్ ఆయిల్ కొన్ని చుక్కలు వేస్తూ ఉండమన్నాడు.

గేర్ సెట్టింగ్ కూడా చూపించాడు, ఇది సైకిల్ ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసుండాలి. లీవర్‌ని రెండో గేర్‌లో పెట్టి, కుడి పక్క నట్టుకి ఉన్న చిన్న కిటికీలోంచి చూస్తే, చైన్ ముక్కకి తగిలించిన లోపలి రాడ్డు భుజం ఇరుసు కొనతో సరిగ్గా సమానంగా కనపడాలి. కేబుల్ వదులుగా ఉంటే రెండుకీ మూడుకీ మధ్య ఎటూ కాని చోట పడి పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరిగిపోతుంది, నిలబడి తొక్కే మనిషి అయితే ముందుకి పడతాడు. ఏడబ్ల్యూలో రెండో గేర్ డైరెక్ట్, మొదటిది పాతిక శాతం తేలిక, మూడోది మూడో వంతు బరువు. పెరంబూర్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మొదటి గేర్ విలువ తెలుస్తుంది, మా కుర్రాడి గేర్ సైకిల్ పక్కన ఏమాత్రం తీసిపోలేదు.

ఇంకో పెద్ద విషయం ఫ్రేమ్ అడుగున పెడల్ కాడలు తిరిగే ఇరుసు దగ్గర, బాల్స్ కూర్చునే కప్పులు. రాలే వాళ్ళు తమ సొంత మర వాడేవాళ్ళు, అంగుళానికి 26 చుట్లు, మిగతా ఇంగ్లీష్ సైకిళ్ళకి మామూలుగా 24. ఈ తేడా తెలియని చోట రెడీమేడ్ కప్పు తెచ్చి రెంచితో బలవంతంగా తిప్పుతారు, ఎక్కినట్టే ఉంటుంది, ఫ్రేమ్ లోపలి మర మాత్రం తినేస్తుంది, ఇక దానికి మందు లేదు. మేస్త్రీ పాత కప్పులే పాలిష్ చేసి, పావు అంగుళం బాల్స్ కొత్తవి వేసి బిగించాడు. పెడల్ కాడల్ని ఇరుసుకి బిగించే కాటర్ పిన్నులు తీయడానికి సుత్తితో కొట్టకుండా, తనే లేత్ వాళ్ళ దగ్గర చేయించుకున్న ఒక చిన్న ప్రెస్ వాడతాడు, టక్కుమని బయటికొస్తాయి, ఆ శబ్దం వింటే మనసుకి ఎంత హాయిగా ఉంటుందో.

పెయింట్ దగ్గరే నాకు ఈ కొట్టు మీద గౌరవం పెరిగింది. మా ఫ్రెండ్ ఒకడు తన తాతగారి హంబర్ కంపెనీ సైకిల్‌ని, ముందు ఫోర్కు ఒక్కో పక్క రెండేసి గొట్టాలతో వస్తుందే ఆ సైకిల్‌ని, ఇంకో చోట పెద్ద కొట్టులో ఇచ్చాడు. వాళ్ళు సాండ్ బ్లాస్టింగ్ చేసి పౌడర్ కోటింగ్ వేసి ఇచ్చారు. నల్లగా నిగనిగలాడుతోంది, కానీ చేత్తో గీసిన బంగారు గీతలు పోయాయి, కంపెనీ బొమ్మ పోయింది, గొట్టాలు కలిసే చోట ఉండే లగ్గుల అంచులు మందపాటి కోటింగ్ కింద మొద్దుబారిపోయాయి. వాడు ఏడ్చినంత పని చేశాడు. చూళై మేస్త్రీ నా ఫ్రేమ్‌ని షాంపూ నీళ్ళతో గుడ్డ పెట్టి కడిగి, పాలిష్ కాంపౌండ్‌ని ముందు కనపడని చోట, సీటు కింద కాస్త రుద్ది చూసి, బొమ్మల మీద మాత్రం చేయి పెట్టకుండా మిగతా చోట్ల మెల్లగా రుద్ది మైనం పట్టించాడు. చెయిన్ కవర్ మీద గీత సగం బయటపడింది, అది చూసి నాకు మాట రాలేదు. తుప్పు పట్టిన క్రోమ్ ముక్కల్ని ఆక్జాలిక్ యాసిడ్ కలిపిన నీళ్ళ బకెట్లో రాత్రంతా నానబెట్టి, పొద్దున వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి ఆరబెట్టాడు. మన ఊరి సముద్రపు గాలికి క్రోమ్‌లో పడిన గుంటలు ఏం చేసినా పోవు, కానీ ఎర్రదనం పోతుంది. ఇంట్లో చేసుకోవాలనుకుంటే గ్లవ్స్ వేసుకోండి, పిల్లలకి అందకుండా పెట్టండి, అది విషం.

ఇప్పుడు నచ్చనివి. మొదటిది టైమ్. వచ్చే వారం అంటే వచ్చే వారం కాదు, ఫోన్ చేస్తే ఎత్తడు, వెళ్ళి నిలబడితేనే పని కదులుతుంది. మధ్యలో స్కూల్ పిల్లల పంచర్లు వస్తే మన సైకిల్ పక్కన పెట్టేస్తాడు, అది నేను తప్పు పట్టను గానీ దూరం నుంచి వచ్చేవాళ్ళకి కష్టమే. రెండోది సీటు. నా బ్రూక్స్ తోలు సీటు ఎండి బీటలు వారింది, దానికి రెక్సిన్ తొడుగు కుట్టిస్తా అన్నాడు, వద్దని ఇంటికి తెచ్చుకున్నా. తోలు విషయంలో ఈయన మాట వినొద్దు. ఆ కంపెనీదే ప్రూఫైడ్ అని మైనం దొరుకుతుంది, పల్చగా రాసి రెండు రోజులు ఎండ తగలని చోట పెట్టి మళ్ళీ రాయండి, నూనె పోసి నానబెడితే సీటు ఊయలలా వంగిపోతుంది. మూడోది బిల్లు. ఇవ్వడు. కాగితం మీద పెన్సిల్‌తో లెక్క రాసి చూపిస్తాడు, అంతే, కానీ ఏ బాల్ ఎంత, ఏ పిన్ను ఎంత అని విడివిడిగా రాస్తాడు, ఊడదీసిన పాత ముక్కలన్నీ పొట్లం కట్టి చేతిలో పెడతాడు. లేబర్, సామాన్లు, టైర్లు అన్నీ కలిపి నాకు ఐదు వేల లోపే అయింది, అందులో టైర్లు, ట్యూబులదే పెద్ద వాటా.

టైర్ల గురించి భయపడకండి. 28 బై ఒకటిన్నర సైజు మన పాల సైకిళ్ళకీ అదే, రతన్ బజార్ సైకిల్ కొట్లలో అడిగితే దొరుకుతుంది, బయట దేశాల్లో ఈ సైజు కోసం పాపం తెగ వెతుక్కుంటారు. చువ్వలు కూడా అంతే, ముందు 32, వెనక 40, మన దేశీ సైకిళ్ళకి ఉన్న లెక్కే. బ్రేకుల విషయంలో మాత్రం జాగ్రత్త, స్టీల్ రిమ్ము తడిస్తే రాడ్ బ్రేకు సరిగా పట్టదు, మేస్త్రీ ఎంత బాగా సెట్ చేసినా నవంబర్ వానల్లో వీటిని నమ్ముకుని బస్సుల మధ్య తొక్కొద్దు.

ఇంగ్లాండ్‌దే కావాలని పట్టుబట్టకండి అని కూడా చెప్తా. మన అంబత్తూర్‌లో టీఐ సైకిల్స్ 1949లో మొదలైంది, మురుగప్ప వాళ్ళూ ఇంగ్లాండ్‌లోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ వాళ్ళూ కలిసి పెట్టింది, పాత హెర్క్యులిస్‌లు, ఫిలిప్స్‌లు, బీఎస్‌ఏలు అక్కడివే. అలాగే ఆసన్‌సోల్‌లో చేసిన సేన్ రాలేలు. కాయలాన్ కడల్లో, అంటే పాత ఇనుము కొట్లలో, ఇవి ఇనుము రేటుకి పోతున్నాయి, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. కొట్లో నా సైకిల్ పక్కనే ఒక అంబత్తూర్ హెర్క్యులిస్ ఉండింది, పెయింట్ సగం పోయి ఉంది గానీ లగ్గుల పని చూస్తే నా రాలేకి దగ్గరగానే అనిపించింది. "ఇదేం తక్కువ కాదు నాయనా, దీన్ని పడేయద్దని చెప్పి నేనే కొని పెట్టుండా" అన్నాడు మేస్త్రీ. ఎవరికైనా కావాలంటే అడగండి, సరైన మనిషి అనిపిస్తే ఇస్తాడు. పాత సామాన్ల కొట్లు ఉండే పుదుపేటలో వెతికేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, హెడ్ బ్యాడ్జి (ముందు గొట్టం మీద కంపెనీ బిళ్ళ), చైన్ చక్రం ఉన్నవాటికే డబ్బు పెట్టండి, ఎందుకంటే బీఎస్‌ఏ అక్షరాలు కోసిన చైన్ చక్రం, రాలే కొంగల చక్రం లాంటివి పోతే విడిగా దొరకడం చాలా కష్టం, మడ్‌గార్డు, క్యారియర్, స్టాండు ఎలాగైనా తర్వాత సంపాదించుకోవచ్చు.

కొట్టు పొద్దున తొమ్మిదిన్నర తర్వాత తెరుస్తాడు, మధ్యాహ్నం భోజనానికి మూసేస్తాడు, ఆదివారం ఉండడు. కారులో తీసుకెళ్తే సందు బయటే ఆపాలి. సీటు గొట్టం ఇరుక్కుపోయి ఉంటే మీరు ఇంట్లో రెంచితో తిప్పి చూడకండి, కాస్త కిరోసిన్ పోసి అలాగే తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టండి. ఊడిన నట్టు, వాషరు ఏది దొరికినా ఒక కవర్లో వేసి వెంట తీసుకెళ్ళండి, వాటికి సరిపోయేవి బయట దొరకవు.