మిద్దె మీద కుండీలా, పెరట్లో మడులా: ఏది మేలు?

మృగశిర కార్తె దగ్గరపడుతుందంటే చాలు, ఏటా ఇదే ప్రశ్న. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు, చుట్టాలు, మా కాలనీవాళ్ళు అందరూ అడుగుతారు: "కూరగాయలు పెరట్లో పెట్టుకోవాల్నా, మిద్దె మీదనా?" మాది నల్లగొండ, మిద్దె తోట. అక్కవాళ్ళది దేవరకొండ, ఇంటి వెనక పెరడు. ఇద్దరం 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాకే మొదలుపెట్టాం. రోజూ ఫోన్లో ఒకరి తోట సంగతులు ఒకరికి చెప్పుకున్నాం. అందుకే రెండింటి గురించీ చెప్పగలను.

అప్పుడు నర్సరీలు మూసేశారు, విత్తనాల దుకాణం దాకా వెళ్ళే వీలు లేదు. నాకు పోపుల డబ్బానే దిక్కయింది. మెంతులు రాత్రంతా నానబెట్టి చల్లాను. ఎండుమిర్చి దులిపి గింజలు తీసి నారు పోశాను. అక్కకేమో అటక మీద గింజల కోసం ఎండబెట్టిన బీరకాయ ఒకటి ఉంది. తను కొన్ని గింజలు వేసుకుని, మిగతావి ఇటు వచ్చే పాలాయనతో పంపింది.

పంట లెక్కన చూస్తే పెరడే గెలుస్తుంది, అందులో అనుమానం లేదు. నేలలో వేరు ఎంత లోతుకైనా పోతుంది, అడుగున చల్లదనం నిలుస్తుంది. మా వైపు ఎర్ర చెలక నేలలో నీరు తొందరగా ఇంకిపోతుంది కానీ, పశువుల ఎరువు బాగా కలిపి, పైన ఎండాకు పరిస్తే ఎండాకాలంలో కూడా రెండు మూడు రోజులకోసారి తడి పెడితే చాలు. మునగ, కరివేపాకు, బొప్పాయి, రేకుల షెడ్డు మీదికి పాకించే ఆనిగెపు (సొర) తీగ... ఇవన్నీ నేలలో పెరిగినట్టు కుండీలో పెరగవు. ఒక్క జాగ్రత్త: కొత్త ప్లాట్లలో ఎత్తు పెంచడానికి మొరం పోస్తారు. అది తవ్వి తీసి, చెరువు మట్టో చెలక మట్టో నింపందే ఏదీ సరిగా పెరగదు.

మిద్దెకు ఇబ్బందులు ఎక్కువ. మే నెలలో మా దగ్గర 43, 44 డిగ్రీలు మామూలే. మధ్యాహ్నం స్లాబ్ మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం, ఆ సెగంతా కుండీ అడుగుకు తగులుతుంది. గ్రీన్ నెట్ కట్టినా పొద్దున ఒకసారి, పొద్దుగూకినాక ఒకసారి నీళ్ళు పోయక తప్పదు. ఆ నీళ్ళ సంగతి ఇంకొకటి. తాగడానికి కృష్ణా నీళ్ళు వచ్చాయి గానీ మొక్కలకు ఇప్పటికీ బోరు నీళ్ళే, అవి లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్ళు. కుండీ అంచున, మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, ఆకుల కొసలు మాడతాయి. నేలలోనైతే ఆ ఉప్పు వానకు కిందికి కొట్టుకుపోతుంది. కుండీలో పోవాలంటే అడుగున బెజ్జాలు మూసుకోకుండా చూసుకుని, వానాకాలంలో నెట్ తీసేసి వాన నీళ్ళు బాగా పారనివ్వాలి. ఇక బరువు. పద్దెనిమిది అంగుళాల గ్రో బ్యాగులో నిండా మట్టి పోసి తడిపితే క్వింటాకు దగ్గరపడుతుంది. దూలాల మీద, పిట్టగోడ వెంబడే పెట్టుకోవాలి. మట్టిలో కొబ్బరి పొట్టు కలిపితే తేలికవుతుంది. కోతులు ఇద్దరికీ ఉన్నాయి. టమాటను పండనివ్వవు, పుంటికూర (గోంగూర) జోలికి మాత్రం రావు.

ఇంత చెప్పినా, ఎవరైనా అడిగితే నేను మిద్దె అనే అంటాను. కారణం ఒక్కటే: అది రోజూ మనల్ని పైకి రప్పిస్తుంది.

ఇంట్లోనే ఉండిపోయిన ఆ నెలల్లో దాని విలువ నాకు బాగా తెలిసింది. సాయంత్రం ఆరయ్యేసరికి పైకి ఎక్కాల్సిందే, లేకపోతే రాత్రికి మెంతి తలలు వాల్చేస్తుంది. అదే వేళకు బీరపూలు విచ్చుకుంటాయి. బీర పొద్దుగూకే వేళ పూస్తుందని అంతకుముందు నాకు తెలియదు. మే నెలంతా గుత్తులుగా మగపూలే. ఆ ఎండలకు అంతే. జూన్‌లో రెండు వానలు పడ్డాక, ఆకు పక్కన ఒంటరిగా, వెనక వేలెడంత పిందెతో ఆడపూలు కనిపించాయి. పుప్పొడి మోసే రెక్కల పురుగులు అంత ఎత్తుకు అంతగా రావు. అందుకే మగపువ్వు తెంపి, రేకులు వెనక్కి వంచి, దాని పుప్పొడి ఆడపువ్వు మధ్యలో అద్దాలి. బడులు మూసే ఉన్నాయి కదా, మా చిన్నోడు ఆ పని తనదే అన్నాడు. పొద్దున లేవగానే పిందె పసుపుబారిందా, సాగిందా అని పరుగెత్తేవాడు. సాగిన రోజు ఇంట్లో అందరినీ పైకి పిలిచి చూపించేవాడు. పక్క మిద్దెల మీద కూడా మనుషులు ఉండేవాళ్ళు. 2021 మేలో మళ్ళీ లాక్‌డౌన్ పెట్టి పొద్దున ఆరు నుంచి పది దాకే బయటికి వదిలినప్పుడు, కూరకు ఏమీ తెచ్చుకోలేనివాళ్ళకు పిట్టగోడ మీంచి పుంటికూర కట్ట అందించాను. వాళ్ళు నాకు కరివేపాకు ఇచ్చారు.

అక్క అప్పుడు ఫోన్లో అన్నది: "నా పెరడు నేను పోకున్నా నడుస్తదే. నీళ్ళు పెట్టినంక దినమంతా ఏం జెయ్యాల్నో తెలుస్తలేదు." కాయలు తనకే ఎక్కువ కాశాయి. అయినా తర్వాత తనే పాత బకెట్లకు బెజ్జాలు కొట్టి గడప పక్కన తోటకూర, మెంతి వేసుకుంది. లేచి తలుపు తీయగానే చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలట.

అయితే ఇప్పుడు అందరూ పనులకు పోతున్నారు. పొద్దున పోయి రాత్రికి వచ్చే ఇల్లయితే, పెద్దవాళ్ళెవరూ ఇంట్లో లేకపోతే, పెరడే పెట్టుకోండి. డ్రిప్‌కు టైమర్ పెట్టి మిద్దె తోట నడిపేవాళ్ళున్నారు, మొక్క బతుకుతుంది. కానీ నేను మిద్దె అన్నది ఆ సాయంత్రాల కోసం. అమ్మో నాన్నో ఇంట్లో ఉండి, మోకాళ్ళు మెట్లెక్కనిస్తే మాత్రం వాళ్ళకు మిద్దె తోటే పెట్టివ్వండి. మెట్లు ఎక్కలేనివాళ్ళకు గడప పక్కన బకెట్లు చాలు.

ఇక మిగతా దారులంటారా, కిటికీ కుండీల్లో కొత్తిమీర దాటి ఎక్కువ రాదు. మట్టి లేకుండా నీళ్ళలో పెంచే పద్ధతికి ఖర్చు ఎక్కువ, కరెంటు పోతే కష్టం.

మొదలుపెట్టేవాళ్ళు తొలకరికి పుంటికూర, తోటకూర, ఒక్క బీరపాదు వేసుకోండి. తోటకూర నెల తిరక్కుండానే కోతకు వస్తుంది. కొత్తిమీర మాత్రం చలికాలం దాకా ఆపండి, ఎండలో అది సగం పెరగకముందే పూతకు వస్తుంది.