పాత మోనిమాచ్ రకం ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్: ముల్లు కదలకపోతేనే అనుమానించాలి

ఈ సమీక్ష 1970ల నాటి ఒక జపాన్ తయారీ ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ పెట్టె గురించి. ఎస్‌డబ్ల్యూఆర్ అంటే రేడియో పంపిన పవర్‌లో యాంటెనా ఎంత వెనక్కి కొడుతోందో చెప్పే నిష్పత్తి; 1 అయితే ఏమీ తిరిగి రానట్టు, అంకె పెరిగేకొద్దీ తిరిగొచ్చేది ఎక్కువ. ఒకే ముల్లు, ఫార్వర్డ్‌కీ (యాంటెనాకు పోయేది) రిఫ్లెక్టెడ్‌కీ (తిరిగొచ్చేది) మార్చే స్లైడ్ స్విచ్, ఒక కాలిబ్రేషన్ నాబ్, వెనక కేబుళ్లు బిగించే రెండు ఎస్‌ఓ-239 సాకెట్లు. అంతే. ఇదే డబ్బా రకరకాల పేర్లతో అమ్ముడైంది కాబట్టి మూత మీద ఏం రాసుందో కన్నా మూత కింద ఏముందో చూడాలి. లోపల ఉన్నది మోనిమాచ్ సర్క్యూట్. లూయిస్ మెకాయ్ 1956 అక్టోబర్ క్యూఎస్‌టీ అనే అమెరికా హామ్ రేడియో పత్రికలో ఇచ్చిన పద్ధతే. మధ్యలో ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెనాకు పోయే లైను, దానికి అటూ ఇటూ సమాంతరంగా రెండు సన్నటి పికప్ తీగలు. ఒక్కో తీగకు ఒక చివర రెసిస్టర్, మరో చివర జెర్మేనియం డయోడ్. ఫార్వర్డ్ తీగకు డయోడ్ ట్రాన్స్‌మిటర్ వైపు, రిఫ్లెక్టెడ్ తీగకు యాంటెనా వైపు ఉంటుంది. బ్యాటరీ అక్కర్లేదు.

ముందే ఒక మాట. ఇది వాట్లు కొలవదు, కొలుస్తున్నట్టు స్కేలు మీద అంకెలు వేసి ఉన్నా నమ్మొద్దు. పికప్ తీగలో పుట్టే వోల్టేజి ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది. ఈ పెట్టెలో నాబ్ పూర్తిగా తిప్పితే 28 మెగాహెర్ట్జ్ దగ్గర 2 వాట్లకే ముల్లు చివరికి వెళ్తుంది. 14లో దానికి 8 వాట్లు కావాలి, 7లో 30 దాటాలి. 3.5లో వంద దాటినా చాలదు. ఫ్రీక్వెన్సీ సగమైతే పవర్ నాలుగింతలు కావాలన్నమాట. అందుకే హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ డిజైన్ చేసిన బిట్‌ఎక్స్ 40 లాంటి 7 వాట్ల రేడియో సెట్టుతో 40 మీటర్ల బ్యాండ్‌లో, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర, ముల్లు సగం కూడా దాటదు. అది మీటరు పాడవడం కాదు, దాని పుట్టుకే అంత.

సగం దాటకపోతే ఏమవుతుందంటే, కాలిబ్రేషన్ కుదరదు. అంతకన్నా పెద్ద చిక్కు డయోడ్‌ది. జెర్మేనియం డయోడ్ కూడా దాదాపు 0.2 వోల్టుల దాకా సరిగా పలకదు. ఫార్వర్డ్ వోల్టేజి ఎక్కువ కాబట్టి బాగానే కనిపిస్తుంది, రిఫ్లెక్టెడ్ వోల్టేజి చిన్నది కాబట్టి డయోడ్ దగ్గరే ఆగిపోతుంది. నిజంగా 1.5 ఉన్న యాంటెనా 1.1గా కనిపించేది ఇక్కడే. తక్కువ పవర్‌లో ఈ మీటర్ ఎప్పుడూ శుభవార్తే చెబుతుంది, దాన్ని నమ్మకూడదు.

ఇక దీనిమీద పూర్తిగా నమ్మదగిన పని ఒకటుంది: డిప్ ఎక్కడుందో, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎస్‌డబ్ల్యూఆర్ అన్నిటికన్నా తగ్గుతోందో చూపించడం. 40 మీటర్ల బ్యాండ్‌కు డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే రెండు చేతుల తీగ యాంటెనా) కట్టాక 7.000, 7.050, 7.100, 7.150, 7.200 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కోసారి కొలిచి కాగితం మీద రాసుకోండి. ప్రతి చోటా ముందు ఫార్వర్డ్‌లో ముల్లు చివరి గీత మీదికి తేవాలి, ఆ తర్వాతే స్విచ్ మార్చాలి. కనిష్ఠం 7.000 దగ్గర పడి మీకు 7.100 కావాలంటే తీగ పొడుగ్గా ఉంది. దాదాపు 20 మీటర్ల పొడవుండే ఈ డైపోల్‌కు 100 కిలోహెర్ట్జ్ అంటే మొత్తం 28 సెంటీమీటర్లు, ఒక్కో వైపు 14. ఒకేసారి అంతా కత్తిరించకుండా పదేసి సెంటీమీటర్లు మడిచి చుట్టి మళ్లీ చూడండి. కత్తిరించిన తీగను అతికించడం డాబా మీద ఎండలో చేసే పని కాదు.

కొలిచేటప్పుడు మాటలు మాట్లాడొద్దు, ఎస్‌ఎస్‌బీలో (మాట పంపే పద్ధతి) ముల్లు గొంతుతో పాటు గెంతుతూనే ఉంటుంది. సీడబ్ల్యూ క్యారియర్ (మోర్స్ కీ నొక్కితే వచ్చే నిలకడైన సిగ్నల్) పెట్టి, ముల్లు చివరి గీతను అందుకునేంత వరకే పవర్ తగ్గించి, ఐదు సెకన్లలో ముగించండి. ట్రాన్సిస్టర్ సెట్లు ఎస్‌డబ్ల్యూఆర్ ఎక్కువైతే తమంతట తామే పవర్ తగ్గించుకుంటాయి. మీరు ఫార్వర్డ్ చూసి స్విచ్ మార్చేలోగా పవర్ మారితే అంకె తప్పుతుంది, అందుకే రిఫ్లెక్టెడ్ చూశాక స్విచ్ వెనక్కి తెచ్చి ముల్లు మళ్లీ చివరి గీత మీదే ఉందో లేదో చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. ట్యూనర్ (యాంటెనాను సెట్టుకు సరిపోల్చే పెట్టె) వాడేవాళ్లు మీటరును సెట్టుకూ ట్యూనరుకూ మధ్య పెట్టాలి.

స్కేలు మధ్యకు ముల్లు వస్తే ఎస్‌డబ్ల్యూఆర్ 3, అంటే నాలుగో వంతు పవర్ తిరిగొస్తోంది. మూడో వంతు దగ్గర 2, అక్కడ తిరిగొచ్చేది 11 శాతమే. 1.5 దగ్గర 4 శాతం. దీన్నిబట్టి 1.3ను 1.1 చేయడానికి ఆదివారం పొద్దంతా తగలేయడం ఎంత దండగో మీరే లెక్కేసుకోండి.

యాభై ఏళ్ల పెట్టెలో చెడేవి ఏవంటే, మొదటిది ఆ రెండు రెసిస్టర్లు. పాత కార్బన్ కాంపోజిషన్ రకం తేమకు విలువ పెరుగుతుంది. ఒక కాలు ఊడదీసి మల్టీమీటర్‌తో కొలవండి, రంగు గీతలు చెప్పే విలువకు 5 శాతం దాటి తేడా ఉంటే రెండూ మార్చేయండి. మెటల్ ఫిల్మ్ వేయాలి, కాళ్లు పొట్టిగా ఉండాలి. వైర్‌వౌండ్ పనికిరాదు, అది తీగ చుట్టే కదా, కాయిల్‌లా ప్రవర్తిస్తుంది. ఈ రెసిస్టర్ విలువ లైను ఇంపెడెన్సుకు విలోమంగా ఉంటుంది: 75 ఓమ్‌లకు అమర్చిన పెట్టెను 50కి మార్చాలంటే రెసిస్టర్ ఒకటిన్నర రెట్లు కావాలి.

రెండోది డయోడ్లు. ఉరుములు మెరుపుల కాలంలో యాంటెనా ఊడదీయకపోతే ముందు పోయేవి ఇవే. రిఫ్లెక్టెడ్ డయోడ్ తెగిపోతే మీటర్ ఎప్పుడూ 1:1 చూపిస్తుంది. ఓనర్‌కు సంతోషం, సెట్టులో పవర్ ఇచ్చే ఫైనల్ ట్రాన్సిస్టర్లకు కాదు. పరీక్ష సులువు: రెండు కేబుళ్లూ తారుమారు చేసి బిగించి, యాంటెనా బదులు డమ్మీ లోడ్ (50 ఓమ్‌ల రెసిస్టర్) పెట్టి క్యారియర్ వేయండి. ఇప్పుడు రిఫ్లెక్టెడ్ స్థానంలో ముల్లు పూర్తిగా పైకి పోవాలి. నాబ్ కదపకుండా పాత పద్ధతిలో వచ్చినంతే రావాలి. రాకపోతే ఆ వైపు డయోడో, రెసిస్టరో పోయినట్టే. మార్చేటప్పుడు 1ఎన్34ఏ లేదా ఓఏ91, రెండూ కలిపే మార్చాలి. 1ఎన్34ఏ అని బజారులో ఇచ్చేవన్నీ జెర్మేనియం కాదు. మల్టీమీటర్ డయోడ్ రేంజిలో 0.2 నుంచి 0.35 మధ్య చూపించాలి, 0.6 చూపిస్తే అది సిలికాన్, వెనక్కిచ్చేయండి. సోల్డర్ చేసేటప్పుడు కాలును నోస్‌ప్లయర్‌తో పట్టుకోండి, జెర్మేనియం వేడికి తట్టుకోదు.

సాకెట్లు రివెట్లతో కొట్టి ఉంటాయి. కాలం గడిచాక రివెట్ వదులై, అల్యూమినియం మీద పొర కట్టి, గ్రౌండ్ ఉండీ లేనట్టు అవుతుంది. కేబుల్ కదిపితే ముల్లు కదిలితే అదే రోగం. డ్రిల్‌తో రివెట్లు తీసి, కింద గీకి, పళ్ల వాషర్లతో ఎం3 స్క్రూలు వేయండి. నాబ్ కింది పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) కరకరలాడితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ముప్పై నలభైసార్లు తిప్పితే చాలు. ముల్లు గాల్లో ఆగిపోతే మీటర్ అద్దం ప్లాస్టిక్‌ది అయి ఉంటుంది, పొడిగుడ్డతో తుడిచినప్పుడు పట్టిన స్టాటిక్ అది. గిన్నెల సబ్బు నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ఒకసారి తుడవండి.

రెండు ముళ్ల మోడల్ కన్నా ఈ ఒక్క ముల్లుదే మేలని నా అభిప్రాయం. రెండు ముళ్లవాటిలో జంట పాట్ ఉంటుంది, పాతబడ్డాక దాని రెండు భాగాలూ ఒకేలా తిరగవు. ఇందులో మీటరూ ఒకటే, పాటూ ఒకటే, తప్పు చేసినా రెండు వైపులా సమానంగా చేస్తుంది.

కచ్చితత్వం చూడటానికి 1 కిలో ఓమ్, 2 వాట్ల మెటల్ ఆక్సైడ్ రెసిస్టర్లు చాలు. ఇరవై సమాంతరంగా వేస్తే 50 ఓమ్‌లు, 40 వాట్లు: మీటర్ 1 చూపించాలి. పది వేస్తే 100 ఓమ్‌లు, నలభై వేస్తే 25: రెండింటికీ 2 రావాలి. పది వేసినప్పుడు తట్టుకునేది 20 వాట్లే, గుర్తుంచుకోండి. 100కి 1.3, 25కి 3, 50కి 1.5 వచ్చాయంటే పెట్టె 75 ఓమ్‌లకు అమర్చి ఉంది. చాలామంది యాంటెనాను తిట్టేది ఇలాంటి పెట్టెల వల్లే.

ఇంకో మోసం కేబుల్‌ది. ఆర్‌జీ-58 అనే సన్నటి కోయాక్స్ కేబుల్ ముప్పై మీటర్లు వేస్తే 28 మెగాహెర్ట్జ్‌లో దాదాపు 2.5 డీబీ పోతుంది, తిరిగొచ్చే పవర్ కూడా దారిలో అలాగే తగ్గుతుంది. యాంటెనా దగ్గర 3 ఉన్నది కింద 1.8గా కనిపిస్తుంది. అలాగే కేబుల్ చేత్తో పట్టుకుంటే ముల్లు కదిలితే, కేబుల్ పై జాలీ (బ్రెయిడ్) బయటివైపు కరెంటు పారుతోందని అర్థం. ఫీడ్ పాయింట్ (కేబుల్ యాంటెనాను కలిసే చోటు) దగ్గర ఆ కరెంటును ఆపే చోక్ వేయకుండా ఆ అంకెలతో పనిలేదు.

7 వాట్ల సెట్టువాళ్లకు ఇంతకన్నా మూడు 50 ఓమ్ రెసిస్టర్ల బ్రిడ్జి మేలు, దాని నాలుగో చేయి యాంటెనా. ఒక్కో చేతికి 100 ఓమ్‌ల 3 వాట్లవి రెండు సమాంతరంగా. యాంటెనా పూర్తిగా ఊడిపోయినా సెట్టుకు కనిపించే ఎస్‌డబ్ల్యూఆర్ 2 దాటదు. కొలిచాక మాత్రం లైనులోంచి తీసేయాలి, ముప్పావు పవర్ అదే తాగేస్తుంది. 144 మెగాహెర్ట్జ్‌కు మోనిమాచ్ వద్దు. అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో పికప్ తీగ, సాకెట్లే ఒక లోపం. బర్డ్ 43 అనే వాట్‌మీటరుకు ఆ ఫ్రీక్వెన్సీకి సరైన ఎలిమెంట్ (మార్చి పెట్టుకునే కొలత ముక్క) దొరికితే అది వాడండి.

పాత పెట్టె కొనేవాళ్లు చేతిలో మల్టీమీటర్ పెట్టుకోండి. రెండు సాకెట్ల నడిమి పిన్నుల మధ్య సున్నా ఓమ్‌లు రావాలి, పిన్నుకూ బాడీకీ మధ్య ఏమీ రాకూడదు. ఎవరైనా ఏనాడైనా రెండు వందల వాట్లు షార్ట్ లోడ్‌లోకి పంపి ఉంటే మూత తీయగానే రెసిస్టర్ మీద రంగు గీతలు గోధుమరంగుకు మాడి కనిపిస్తాయి.