పసిబిడ్డ పాలు కక్కడం: మెలకువలో ఒక తీరు, నిద్రలో మరో తీరు

తిరుపతిలో బాలింత ఉన్న ఏ ఇంటికి వెళ్లినా అమ్మమ్మ భుజాన తువ్వాలు, దాని మీద విరిగిన పాల మరక కనిపిస్తాయి. బిడ్డ ఎక్కువగా కక్కేది మెలకువలోనే. అన్నవాహిక అడుగున ఉన్న కండర కవాటం ఆ వేళలోనే తరచుగా వదులవుతుంది. ఏడుపు పొట్టను నొక్కుతుంది. అయితే మింగిన ప్రతిసారీ లాలాజలం, పాలతో పైకి వచ్చిన పొట్టలోని ఆమ్లాన్ని కిందికి కడిగేస్తుంది.

నిద్రలో పాలు పైకి రావడం తగ్గుతుంది. కానీ మింగడం, లాలాజలం ఊరడం కూడా తగ్గుతాయి కాబట్టి, పైకి వచ్చిన ఆమ్లం ఎక్కువసేపు అక్కడే ఉంటుంది.

నిద్రలో కక్కిన పాలు శ్వాసనాళంలోకి పోతాయేమోనన్న భయంతోనే కొందరు బిడ్డను బోర్లా పడుకోబెడతారు. దయచేసి ఆ పని చేయకండి! వెల్లకిలా పడుకున్నప్పుడు శ్వాసనాళం అన్నవాహికకు పైన ఉంటుంది, పాలు అందులోకి ఎక్కడం కష్టం. చీర ఉయ్యాలలో మెడ వంగుతుంది. రాత్రి నిద్రకు చదునైన గట్టి పరుపే మేలు. పాలు పట్టాక 20-30 నిమిషాలు భుజాన నిలువుగా ఎత్తుకోండి.

ఆకుపచ్చ వాంతి, నెత్తురు కనిపించినా, బరువు పెరగకపోయినా వెంటనే తిరుపతిలోని రుయా ప్రభుత్వాసుపత్రికో, దగ్గరలోని పిల్లల డాక్టరు దగ్గరికో తీసుకెళ్లాలి.