సోరియాసిస్‌కు కాల్సిపోట్రయాలా, కాల్సిట్రయాలా?

రెండూ విటమిన్ డి జాతి పూతమందులే. అతివేగంగా పుట్టే చర్మకణాల జోరు తగ్గించి పొలుసులు పలచబడేలా చేస్తాయి. స్టెరాయిడ్లలా చర్మాన్ని పలచన చేయవు.

మోచేతులు, మోకాళ్ళ మీది మందపాటి మచ్చలకు నా ఓటు కాల్సిపోట్రయాల్‌కే. గ్రాముకు 50 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. మంట, దురద పుట్టించే గుణమూ దీనికే ఎక్కువ. అందుకే ముఖానికి, చంకలకు, గజ్జలకు కాల్సిట్రయాల్ మేలు. గ్రాముకు 3 మైక్రోగ్రాములే, లేత చర్మం ఓర్చుకుంటుంది.

ఖర్చు దగ్గర ట్యూబు ధర చూసి మోసపోవద్దు, గ్రాముకెంతో లెక్కేయండి. జనరిక్ పేరుతో రాయమని డాక్టరుగారిని అడగడానికి మొహమాటమెందుకు? చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండితే సుమారు అర గ్రాము. రెండు అరచేతులంత చోటుకు చాలు. పెద్దలు కాల్సిపోట్రయాల్ వారానికి 100 గ్రాములు దాటకూడదు, మించితే రక్తంలో కాల్షియం పెరగొచ్చు. ఫలితానికి కొన్ని వారాలు ఓపిక పట్టాలి. రెండు వారాలకే ఆపేస్తే పెట్టిన డబ్బంతా వృథా.

ఇంకోటి: పొలుసులకు వాడే సాలిసిలిక్ ఆసిడ్ పూతను కాల్సిపోట్రయాల్‌తో కలిపి రాయకండి, మందు పనిచేయకుండా పోతుంది. గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.