‘పుల్ల బీరంటే ఇలాగే ఉంటుంది’ అంటే నమ్మకండి

బెల్జియం సోర్ ఏల్స్ (పుల్ల బీర్లు) ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు ఒకసారి ఇది చదివి కొనండి. యూరప్‌లోని ఒక దుకాణం ‘వింటేజ్ ఫ్లాండర్స్ రెడ్’ (ఓక్ పీపాల్లో నానబెట్టే ఎర్రటి పుల్ల బీరు) అని చెప్పి, మామూలు ధరకు రెట్టింపు తీసుకుని పంపిన ఆరు సీసాల పెట్టెలో నాలుగు తాగడానికి పనికిరాలేదు. రెండింట్లో నెయిల్ పాలిష్ వాసన. ఒకదాంట్లో తడిసిన అట్టపెట్టె రుచి. ఇంకోదాంట్లో గ్యాసే లేదు. ఫిర్యాదు చేస్తే వచ్చిన జవాబు: ‘పుల్ల బీరంటే ఇలాగే ఉంటుంది, మీకు అలవాటు లేదేమో.’ ఈ ఒక్క మాటతో చాలామంది వెనక్కి తగ్గిపోతారు. బ్రూవరీ పేరు కావాలనే రాయట్లేదు. తయారీలో లోపం కనిపించలేదు, నిల్వ చేసిన తీరే సీసాల్ని చెడగొట్టింది.

పులుపులో రకాలు మనకు ఒకరు నేర్పక్కర్లేదు. పులిసిన మజ్జిగలో, తరవాణిలో ఉండే పులుపు నాలుక పక్కల మెత్తగా తగులుతుంది, ముక్కుకు పెద్దగా తెలీదు. అది లాక్టిక్ ఆమ్లం. రెండో రోజు కల్లు అలా కాదు, గ్లాసు నోటి దగ్గరికి రాకముందే ముక్కులో గుచ్చుతుంది, మింగితే గొంతు మండుతుంది. అది అసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్. ఫ్లాండర్స్ రెడ్‌లో ఈ రెండూ ఉంటాయి. మొదటిది పప్పైతే రెండోది పోపు. పోపు మాడితే గిన్నెడు పప్పూ పోయినట్టే.

ఏ సీసాలో ఎంత పులుపు ఉండాలో అది ఎలా తయారైందో తెలిస్తేనే చెప్పగలం. పశ్చిమ ఫ్లాండర్స్‌లోని రూసెలారెలో 1821 నుంచి ఉన్న రోడెన్‌బాఖ్ బ్రూవరీలో, నిలువెత్తు ఓక్ పీపాల్లో బీరు రెండేళ్ల వరకు నానుతుంది. వాటిని ఫూడర్లు అంటారు. చెక్క సందుల్లోంచి చాలా కొద్దిగా గాలి చొరబడుతుంది. వెనిగర్ బాక్టీరియాకు గాలి కావాలి కాబట్టి ఆ కొద్ది గాలికి తగ్గ కొద్ది వెనిగరే పుడుతుంది. పాత బీరులో కొత్త బీరు కలిపి పులుపును సరిచేస్తారు. వాళ్ల మామూలు రకం క్లాసిక్‌లో పాతది నాలుగో వంతే, ఆల్కహాల్ 5.2 శాతం. గ్రాండ్ క్రూలో పాతది మూడింట రెండు వంతులు, 6 శాతం. వింటేజ్ మాత్రం ఏదీ కలపకుండా ఒకే ఫూడర్‌లోంచి తీసింది, 7 శాతం, లేబుల్ మీద సంవత్సరం ఉంటుంది. అందుకే రోడెన్‌బాఖ్ ‘వింటేజ్’ అని ఎవరు అమ్మినా ముందు శాతం చూడండి. 5.2 అని ఉంటే అది షెల్ఫులో మిగిలిపోయిన మామూలు సీసా, అంతే.

విఖ్టెలో వెర్హాగె బ్రూవరీవాళ్లు చేసే ఫ్లాండర్స్ రెడ్, డ్యుషెస్ ద బుర్గోన్ (6.2 శాతం) తియ్యగా ఉంటుంది, మొదటి వాసనలోనే వెనిగర్ ఘాటు తెలుస్తుంది. దాని తీరే అది, ఆ ఘాటు చూసి ఫిర్యాదు చేయకండి. తూర్పు ఫ్లాండర్స్‌లోని ఔడెనార్డెలో పుట్టే ఔడ్ బ్రూయిన్ అనే గోధుమరంగు పుల్ల బీరు దారి వేరు. ఆ రకంలో లీఫ్‌మన్స్ గౌడెన్‌బాండ్ (8 శాతం) తీసుకుంటే కాచిన బెల్లం పాకం, ఎండుద్రాక్ష, ఖర్జూరం ముందు రావాలి, పులుపు వాటి వెనకాల నడవాలి. వెనిగర్ ఉండీ లేనట్టుండాలి. గ్రాండ్ క్రూలో ముచ్చటగా అనిపించే ఘాటే గౌడెన్‌బాండ్‌లో వస్తే అది లోపం.

అమ్మేవాళ్లు చెప్పే రెండో అబద్ధం వయసు గురించి: ‘పాతబడే కొద్దీ పులుపెక్కుతుంది, అదే దీని విలువ.’ ఈ రకంలో తీపి మిగిలిన సీసాలు చాలావరకు వడకట్టి పాశ్చరైజ్ చేసినవే. లేకపోతే ఆ తీపిని లోపలి సూక్ష్మజీవులు తిని, గ్యాస్ పెరిగి, సీసా పేలుతుంది. పాశ్చరైజ్ చేసిన సీసాలో పులుపు పెంచే ప్రాణి మిగలదు. మరి పులుపు ఎక్కిందంటే మూతో కార్కో వదులై గాలితోపాటు బాక్టీరియా చొరబడిందన్నమాట. వేడి దెబ్బ తిన్న సీసాకైతే పులుపు పెరగదు, చెర్రీ వాసన పోయి తడి అట్ట రుచి వస్తుంది.

డబ్బు కట్టేముందు అసలు సీసా ఫొటోలు అడగండి, కేటలాగ్ బొమ్మ కాదు. మెడ దగ్గర బీరు మట్టం పక్క సీసాలకన్నా కిందికి ఉంటే కారినట్టే. మూత అంచున జిగట గానీ తుప్పు గానీ ఉన్నా, కార్కు పైకి లేచినా వద్దు. గడువు తేదీ మీద ఇంకో స్టిక్కర్ అతికించి ఉంటే అసలే వద్దు. బెల్జియంలో రోజు ముందు, నెల తర్వాత వేస్తారు. అమెరికాలో ఉండి అక్కడి పద్ధతికి అలవాటుపడ్డవాళ్లు 04/09ని ఏప్రిల్ అని చదివేస్తున్నారు, అది సెప్టెంబరు 4. పదార్థాల పట్టీ కూడా చదవండి. పళ్లు వేసిన బీరైతే చెర్రీ రసం ఉండటం న్యాయమే. ‘ఓక్‌లో నానిన ఫ్లాండర్స్ రెడ్’ అని రాసి, పట్టీలో తీపి పదార్థాలు, ఫ్లేవర్లు కనిపిస్తే ఆ ధర పెట్టకండి. టెక్సస్‌లాంటి చోట జూన్ నుంచి ఆగస్టు దాకా మామూలు కొరియర్‌లో తెప్పించుకోవద్దు, ఒక్క మధ్యాహ్నం వ్యాన్‌లో ఉడికినా చాలు. సెలవులకు ఇండియా తెచ్చుకునేవాళ్లకు సుంకం లేకుండా 2 లీటర్లే: 750 మి.లీ. రెండు, 330 మి.లీ. ఒకటి పడతాయి. మే నెలలో వస్తుంటే కార్కు సీసాలు మానేయండి.

సీసాలు రాగానే నిలబెట్టి, చీకట్లో, ఒక రోజు కదపకుండా ఉంచండి. మొదటిది ఆ వారంలోనే తెరవాలి. రిటర్న్ గడువు దాటాక తెరిచి లాభం లేదు. తెరిచేటప్పుడు వీడియో తీయండి, ‘స్స్’ మన్న చప్పుడు వినిపించాలి. ఫ్రిజ్‌లోంచి తీసి 10–12 డిగ్రీలకు వచ్చేదాకా ఆగండి. మరీ చల్లగా ఉంటే లోపాలన్నీ దాక్కుంటాయి. మూతి సన్నబడే గ్లాసులో 100 మి.లీ. పోసి ముందు వాసన చూడండి: పుల్ల చెర్రీ, ఆల్‌బుకరా, తడి చెక్క, కొంచెం తోలు. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి. కుళ్లిన గుడ్డు లాంటి వాసన ఏదైనా ఉంటే ఈలోపు పోవచ్చు. నెయిల్ పాలిష్ వాసన అలాగే ఉంటే అది ఈథైల్ అసిటేట్, ఆ సీసా పోయినట్టే.

చాలామంది పట్టుకోలేని లోపం ఇంకోటుంది, ఎలుక వాసన. గ్లాసులో తెలీదు, మింగిన పావు నిమిషానికి గొంతు వెనకనుంచి పాసిపోయిన పాప్‌కార్న్‌లా పైకొస్తుంది. దానికి కారణమైన పదార్థాల్లో ఒకటి బాస్మతి బియ్యానికి ఘుమఘుమనిచ్చేదే. బీరు పుల్లగా ఉన్నంతసేపు ఆ వాసన అణిగి ఉంటుంది, ఉమ్మితో కలిసి పులుపు తగ్గగానే బయటపడుతుంది. అనుమానముంటే వేరే గ్లాసులో 30 మి.లీ. పోసి చిటికెడు వంటసోడా వేయండి. నురగ పొంగుతుంది, అది దిగాక వాసన చూడండి. కొందరికి ఈ వాసన అసలు పట్టదు, ఇంట్లో ఇంకొకరిచేత కూడా చూపించండి.

సీసా చెడిందని తేలితే మిగిలింది పారబోయకండి. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మూత అడుగుభాగం, మెడ మట్టం, గడువు తేదీ ఫొటోలు తీయండి. మిగతా సీసాల సీలు తీయకండి. ఫిర్యాదులో ‘చాలా పుల్లగా ఉంది’ అని మాత్రం రాయొద్దు, ఆ మాట పట్టుకునే తోసేస్తారు. ‘మట్టం పక్క సీసాకన్నా 2 సెంటీమీటర్లు తక్కువ, మూత అంచున జిగట, తెరిస్తే గ్యాస్ లేదు, 15 నిమిషాల తర్వాత కూడా నెయిల్ పాలిష్ వాసన’ అని మీ సీసాలో కనిపించింది కనిపించినట్టు కొలతలతో రాసి, వీడియో జతచేసి పంపండి.