దేవదారు చెట్ల కింద దీపాల వీధి: డిసెంబరులో అల్టడీనా

డిసెంబరులో పిల్లల దగ్గరికని లాస్ ఏంజెలిస్ వచ్చిన పెద్దవాళ్లకి సాయంత్రాలు గడవడం కష్టం. అయిదింటికే చీకటి పడిపోతుంది. ఇంట్లో ఉంటే టీవీ తప్ప వేరే కాలక్షేపం ఉండదు. దీపాల ప్రదర్శనలు ఊరంతా ఉంటాయిగానీ చాలావాటికి టికెట్ కొనాలి, పైగా వారాల ముందే. అందుకే ఎవరడిగినా నేను మొదట చెప్పేది అల్టడీనాలోని క్రిస్మస్ ట్రీ లేన్. దానికి టికెట్ లేదు, గేటూ లేదు. కారాపి దిగి నడవడమే.

అల్టడీనా ఊరు పాసడీనాకి ఉత్తరాన, శాన్ గేబ్రియల్ కొండల అంచున ఉంటుంది. అక్కడి శాంటా రోసా అవెన్యూ మామూలు ఇళ్ల వీధే. కిలోమీటరు పైచిలుకు పొడవునా రెండు పక్కలా 130కి పైగా దేవదారు చెట్లు. మన హిమాలయాల్లో పెరిగే చెట్లే, కాకపోతే విత్తనాలు ఇటలీ నుంచి వచ్చాయి. జాన్ వుడ్‌బరీ అనే పెద్దమనిషి తను కట్టబోయే బంగళాకి దారిగా 1885లో ఈ చెట్లు నాటించాడు. బంగళా ఎప్పటికీ లేవలేదు, చెట్లు మాత్రం ఆకాశానికి లేచాయి. పాసడీనాలో పెద్ద దుకాణం నడిపిన ఫ్రెడరిక్ నాష్ చొరవతో 1920లో వీటికి మొదటిసారి దీపాలు కట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆగినా, ఆ అలవాటు నేటికీ సాగుతోంది.

ఇక్కడికి ఏం ఆశించి వెళ్లాలో ముందే చెప్పడం మంచిది. పాటకి తగ్గట్టు ఆడే లైట్లు, లేజర్లు, సెల్ఫీ పాయింట్లు ఏవీ ఉండవు. ఎర్రవి, పచ్చవి, నీలివి, పసుపువి రంగు బల్బుల తీగలు కొమ్మల మీద వేలాడుతుంటాయి, అంతే. డిస్నీలాండ్ చూసొచ్చిన మర్నాడు తీసుకెళితే పిల్లలు 'ఇంతేనా' అంటారు. నాకు నచ్చేది ఆ పాతకాలపు తీరే. కొమ్మలు రెండు వైపుల నుంచీ రోడ్డు మీదికి వంగి ఉంటాయి కాబట్టి దీపాలు మన పక్కన కాదు, నెత్తిమీద వెలుగుతుంటాయి. చాలామంది కార్లో కూర్చునే, హెడ్‌లైట్లు ఆపేసి నత్తనడకన వెళతారు. అలా అయితే కారు టాపు అడ్డొచ్చి సగం కనపడదు. మోకాళ్లు సహకరిస్తే నడవడమే మేలు. కొండవైపు వెళ్లేకొద్దీ వీధి ఎత్తు పెరుగుతుంది కనక పెద్దవాళ్లని పైన దింపి కిందికి నడిపించండి. స్వెటర్, మఫ్లర్ ఉండాల్సిందే. కాలిఫోర్నియా అంటే వేడి అనుకుని చీర మీద ఉత్త శాలువాతో వచ్చినవాళ్లు ఐదు నిమిషాల్లో కారెక్కేస్తారు.

దీపాలు మొదటిసారి వెలిగించే రోజు ఒక శనివారం. లైబ్రరీ దగ్గర చిన్న జాతరలా ఉంటుంది. పాటలు, తిండి బళ్లు, పిల్లల హడావుడి. చీకటి పడ్డాక అందరూ అంకెలు వెనక్కి లెక్కపెడతారు, చెట్లన్నీ ఒక్కసారి వెలుగుతాయి. ఆ క్షణం నిజంగా బాగుంటుంది. పార్కింగ్ మాత్రం నరకం. చంటిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఆ రోజు వద్దు, ఆ తర్వాతి వారంలో మంగళవారమో బుధవారమో వెళ్లండి.

మా అత్తగారు చెట్లు చూసిన వెంటనే అడిగింది ఒక్కటే: "ఇంత ఎత్తున ఈ బల్బులు ఎవరు కట్టారే?" మంచి ప్రశ్న. కాంట్రాక్టర్లు కాదు. అక్కడివాళ్లే ఒక సంఘం పెట్టుకుని, స్వచ్ఛందంగా వచ్చి, నెలల ముందు నుంచే వారాంతాల్లో తీగలు పైకి లాగుతారు. పండగ అయ్యాక దింపేదీ వాళ్లే. అక్కడ విరాళాల డబ్బా కనిపిస్తే, టికెట్ డబ్బులు మిగిలాయి కదా, కాస్త వేయండి.

2025 జనవరిలో ఈటన్ కార్చిచ్చు అల్టడీనాని కాల్చేసిన సంగతి తెలిసిందే. 9,000కు పైగా కట్టడాలు పోయాయి. ఈ చెట్లు దాదాపు అన్నీ బతికాయి, ఆ డిసెంబరులోనూ దీపాలు వెలిగాయి. చుట్టుపక్కల వీధుల్లో ఖాళీ స్థలాలు కనిపిస్తాయి. అవి చూడ్డానికి, ఫోటోలు తీయడానికి తిరగొద్దు. ఊళ్లో తెరిచి ఉన్న హోటల్లో తిని రండి, వాళ్లకి అదే సాయం.

బసకి పాసడీనా సరైన చోటు. ఓల్డ్ పాసడీనాలో ఉంటే సాయంత్రం నడుచుకుంటూ తిరగొచ్చు, డౌన్‌టౌన్ నుంచి మెట్రో ఎ లైన్ కూడా నేరుగా వస్తుంది. స్టేషన్ నుంచి అల్టడీనాకి క్యాబ్ తీసుకోవడమే తేలిక. కొలరాడో బులెవార్డ్ మీద తూర్పుకి వెళితే చవక మోటళ్లు దొరుకుతాయి. మేం దిగిన హోటల్లో గది ధర బాగానే ఉంది, పార్కింగ్‌కి రాత్రికింత అని విడిగా గుంజారు. బుక్ చేసేముందు అది అడగండి. జనవరి 1న పాసడీనాలో రోజ్ పరేడ్, అంటే పూలతో అలంకరించిన బళ్ల ఊరేగింపు ఉంటుంది కాబట్టి డిసెంబరు చివరి రోజుల్లో రేట్లు మండిపోతాయి. క్రిస్మస్‌కి ముందే వెళ్లిరావడం మంచిది. పగలు హంటింగ్టన్ తోటలు చూడొచ్చు, మంగళవారం మాత్రం మూసేస్తారు.

పోల్చి చెప్పాలంటే, డెస్కాన్సో గార్డెన్స్‌లో దీపాల ఏర్పాటు దీనికన్నా ఎంతో కళాత్మకం. టికెట్ దండగ కాదు, కాకపోతే నడక ఎక్కువ. ది గ్రోవ్ మాల్‌లో పెద్ద క్రిస్మస్ చెట్టు, సాయంత్రం కురిపించే ఉత్తుత్తి మంచు పిల్లలకి పండగే. నాకైతే పది నిమిషాల్లో విసుగొచ్చింది. మా మామగారు మాత్రం ఓటు ది గ్రోవ్‌కే వేశారు. "దేవదారు చెట్లు బాగున్నాయమ్మా, కానీ అక్కడ కూర్చోడానికి కుర్చీ లేదు, కాఫీ లేదు, బాత్రూం అసలే లేదు" అన్నారు. ఆయన మాట కొట్టిపారేయలేను. బయల్దేరేముందు అన్ని పనులూ ముగించుకుని, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వెళ్లండి.